కంప్యూటరుకు బోణీ

జనన మరణాల సెక్షన్లో పనిచేసేవాళ్ళను పెళ్ళిళ్ళకు పిలుస్తారు గానీ, ఏం ఉద్యోగం చేస్తున్నారని నలుగురిలో అడగరు. అడిగితే నిజం చెప్పేస్తారని భయం. నేను సర్వీసులో చాలా భాగం ఆ సెక్షన్లోనే గడిపాను. బిల్డింగ్ పర్మిషన్ల సెక్షన్‌కో, పన్నుల సెక్షన్‌కో వెళ్ళడానికి మనుషులు పైరవీలు చేసుకునేవారు. నా కుర్చీ కోసం మాత్రం ఒక్కరు కూడా పైరవీ చేసిన పాపాన పోలేదు. అందుకే ప్రశాంతంగా పనిచేసుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు అంతా తెర మీదే అయిపోతోంది. ఆసుపత్రివాళ్ళే వివరాలు ఎక్కిస్తారు, ఇంట్లోవాళ్ళ ఫోనుకు సందేశం వస్తుంది, సర్టిఫికెట్ వీధి చివర దుకాణంలో ప్రింటు తీసుకోవచ్చు. మంచిదే. నాకేం ఈర్ష్య లేదు. కాకపోతే మా ఆఫీసుకు మొదటిసారి వచ్చిన కంప్యూటరు ఒక్క అక్షరం కూడా ఎక్కించుకోకుండా దాదాపు నెలంతా పసుపు కుంకుమలతో కూర్చుంది. ఆ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆఫీసు ముంబయి హైవేకు దగ్గరలో, పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్యన. ఊరి పేరు చెప్పను. అప్పటివాళ్ళు ఒకరిద్దరు ఇంకా గట్టిగానే ఉన్నారు, ఫోన్లు చేసి పోట్లాడతారు. మాది కోస్తా వైపు. మా వారికి పబ్లిక్ సెక్టారు ప్లాంటులో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చి స్థిరపడ్డాం. నేను "వచ్చారా, కూర్చోండి" అంటే ఆఫీసులో నవ్వుకునేవారు, సినిమాలో మాట్లాడినట్టుందని. కొన్నాళ్ళకు వాళ్ళకూ అలవాటైంది, నాకూ అలవాటైంది.

చావు జరిగితే ఇరవై ఒక్క రోజుల్లోగా మాకు తెలియజేయాలని చట్టం. మా ప్రాంతంలో ఆ గడువు వినడానికి ఉన్నంత పెద్దది కాదు. పదకొండో రోజు అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు ఎవరి గడపా తొక్కరు, ఆఫీసు గడప కూడా గడపే. తర్వాత అమావాస్య వస్తుంది, మంగళవారం వస్తుంది, ఫ్యాక్టరీలో షిఫ్టు మారుతుంది. చివరికి గడువు దాటబోతుండగా పరుగెత్తుకుంటూ వస్తారు. చట్టం రాసినవాళ్ళ ఇళ్ళలో ఎవరూ పోలేదేమో అనుకునేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పుట్టుకలైనా చావులైనా కంప్యూటర్లోనే ఎక్కించాలి, సర్టిఫికెట్ అందులోంచే ఇవ్వాలి, చేతిరాత సర్టిఫికెట్లు బంద్. పాత సర్టిఫికెట్ పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. కంప్యూటరు కోసం ఒక గదికి సున్నం కొట్టించి, పరదాలు కట్టించి, ఏసీ పెట్టించారు. ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది కమిషనరు గారి గదికీ, దీనికీ. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలని రూలు. ఆ రూలుకు ఒప్పుకున్నవాళ్ళంతా మధ్యాహ్నం అన్నం అక్కడే తినేవారు.

ప్రారంభోత్సవం నాడు కీబోర్డు మీద కుంకుమ బొట్లు పెట్టారు, తెరకు బంతిపూల దండ వేశారు, నిమ్మకాయలు కోసి నాలుగు మూలలా పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. కొట్టగానే కరెంటు పోయింది. పెద్దమనుషులు ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. దాంతో మొదటి ఎంట్రీ ఏమిటన్నది తేలకుండా ఉండిపోయింది.

దాన్ని తేల్చింది మా సూపరింటెండెంటు గారు. ఆయన ఈ చుట్టుపక్కల ఊళ్ళోనే భూమి ఉన్న కుటుంబంలోంచి వచ్చినవారు. తెల్ల బట్టలు, జేబులో చిన్న పంచాంగం. పనిలో నిక్కచ్చి మనిషి, లంచం మాటెత్తితే అటెండరును పిలిచి బయటికి పంపించేవారు. కానీ మంగళవారం చావు రాయనిచ్చేవారు కాదు. కొత్త రిజిస్టరు తెరిస్తే మొదటి పేజీలో మొదట పుట్టుకే ఉండాలి, లేకపోతే ఆ రిజిస్టరు మూసే ఉండాలి.

"కంపూటరంటే కూడా రిజిస్టరే కదమ్మా," అన్నారు నాతో. "పొద్దుగాల దుకాణం తెరిస్తే అప్పుకు బోణీ చేస్తమా? గట్లనే ఇది. ముందు ఒక పుట్టుక రానియ్యి. ఆడపిల్లయితే ఇంకా మంచిది."

"పుట్టుకల నంబర్లు వేరు, చావుల నంబర్లు వేరు కద సార్," అన్నాను.

"డబ్బా ఒక్కటే కదమ్మా," అన్నారు.

ఎంట్రీలు చేసే ప్రోగ్రాములోకి వెళ్ళే పాస్‌వర్డు చీటీ ఆయన పంచాంగంలో ఉండేది. కమిషనరు గారు వారంలో ఎక్కువ రోజులు సంగారెడ్డిలో మీటింగుల్లో ఉండేవారు. ఒకసారి దొరకబుచ్చుకుని చెబితే, "సూపరింటెండెంట్ గారు చూసుకుంటారమ్మా," అని ఫైలు తెరిచారు. సరే, ఒక పుట్టుకే కదా, ఇంత ఊళ్ళో ఎవరో ఒకరు పుట్టకపోతారా అని నేనూ ఊరుకున్నాను.

పుట్టలేదు. ఆ సంగతి అప్పటిదాకా మాకెవ్వరికీ తట్టలేదు. ఎక్కడ పుడితే అక్కడ రాయించాలని రూలు. మా ఊళ్ళో కోడళ్ళు కాన్పుకు తల్లిగారింటికి పోతారు. ఫ్యాక్టరీల కోసం వచ్చిన మా కోస్తావాళ్ళు ఏడో నెల రాగానే రైలెక్కించేస్తారు, నేనూ అలాగే వెళ్ళాను. స్తోమత ఉన్నవాళ్ళు హైదరాబాదు నర్సింగ్‌హోముల్లో కంటారు, లేనివాళ్ళు సంగారెడ్డి పెద్దాసుపత్రికి పోతారు. పోవడానికి మాత్రం అందరూ ఇక్కడే పోతారు. మా ఊరు మనుషులు పుట్టే ఊరు కాదు, పనిచేసి చనిపోయే ఊరని ఆ నెలలో అర్థమైంది.

సూపరింటెండెంటు గారు అటెండరును పుట్టుకల కోసం పంపించారు. అటెండరు ఇక్కడివాడే, నా కన్నా పెద్దవాడు, పాత స్కూటరొకటి ఉండేది. హెల్త్ సెంటర్లో నర్సును అడిగితే, మీకెందుకు ఎవరు కంటే అని గదమాయించి పంపించింది. ప్రైవేటు డాక్టరు తనకు జ్వరాలు తప్ప తెలియవన్నాడు. కాజీపల్లిలో బీహారు నుంచి వచ్చిన కార్మికుడి భార్య ఆడపిల్లను కన్నదని చివరికి అటెండరు వార్త మోసుకొచ్చాడు. సూపరింటెండెంటు గారి మొహం వెలిగింది. అంతలోనే ఆ ఊరు మా పరిధిలోది కాదని ఆయనకే గుర్తొచ్చింది. ఆ ఊరికి వేరే ఆఫీసు ఉంది. ఆ పిల్ల వాళ్ళ బోణీ.

ఆపరేటరుగా కాంట్రాక్టు మీద ఒకమ్మాయి వచ్చింది. కొత్తగా పెళ్ళయింది, సిటీ నుంచి బస్సులో వచ్చేది. పని లేకపోవడంతో రోజంతా కంప్యూటర్లో పేకాట ఆడేది. పేకాటకు బోణీ పట్టింపు లేదు.

ఈ లోపల చావుల కాగితాలు నా టేబులు మీద దొంతరగా పేరుకుపోయాయి. వచ్చినవాళ్ళకు రసీదు ఇచ్చి, సర్టిఫికెట్ తర్వాత వస్తుందని చెప్పి పంపేదాన్ని. గడువులోగా చెప్పారు కాబట్టి చట్టం దృష్టిలో వాళ్ళ తప్పేమీ లేదు. చాలామంది ఓపిగ్గానే వెళ్ళిపోయేవారు. ఒక్క ఇంటివాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చారు.

వాళ్ళు అత్తా కోడలు. కొడుకు గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో పర్మినెంటు. సెకండ్ షిఫ్టు చేసి వచ్చి, ఇంట్లో మంచమ్మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి, అవి తెచ్చేలోగా పోయాడు. అతని జాగాలో భార్యకు ప్యాకింగ్‌లో పని ఇస్తామని ఫ్యాక్టరీవాళ్ళు ఒప్పుకున్నారు. కానీ ఆ మధ్య ఎవరో దొంగ సర్టిఫికెట్ తెచ్చారట, అందుకని కంప్యూటరుదే కావాలన్నారు. నెలాఖరు లోపల తేకపోతే ఆ జాగాలో వేరేవాళ్ళను తీసుకుంటామని కూడా చెప్పేశారు. ఆ అమ్మాయికి చిన్నపిల్లలు. ఉన్న కాస్త భూమి ఎప్పుడో ఫ్యాక్టరీల్లో కలిసిపోయింది. ఆ పని రాకపోతే వాళ్ళకు ఇంకో ఆధారం లేదు.

కోడలు మాట్లాడేది కాదు. అత్తే మాట్లాడేది, అదీ మెల్లగా. "అయిందా బిడ్డా?" అని అడిగేది. కాలేదమ్మా అంటే, "మంచిది, మల్ల వస్త," అని లేచేది. అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. నేను రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని ఫ్యాక్టరీకి కూడా వెళ్ళారు. ఉత్తరం కాదు, సర్టిఫికెటే కావాలని పంపించేశారు.

నాకు సూపరింటెండెంటు గారి మీద మండిపోయింది. వరండాలో నిలబడి, చదువుకున్న మనిషికి ఈ పిచ్చి ఏమిటని గట్టిగానే అన్నాను. అటెండరు చుట్టూ చూసి దగ్గరికి వచ్చాడు.

"సార్‌ను గట్ల అనకుండ్రి మేడం. ఇంతకు ముందు సార్ పనిచేసిన ఆఫీసుల నేను గూడ ఉంటి. కొత్త సాలు, జనవరిల కొత్త రిజిస్టర్ తెరిసిన్రు. అప్పుడు సార్‌కు గీ పట్టింపు లేకుండె. ఫస్టే ఒక సావు రాసిండు. అదే పేజీల జెర కిందికి సార్ భార్య పేరుంటది. పిల్లలు గూడ లేరు. తన చేత్తోనే రాసుకున్నడు, ఇంకొకర్ని రాయనియ్యలే."

ఆ తర్వాత ఆయన మీద నాకు కోపం తగ్గింది. కానీ నా టేబులు ముందు కూర్చున్న ఆ అమ్మాయికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఎవరి దుఃఖానికి ఎవరు కిరాయి కట్టాలి? సార్ దగ్గరికి వెళ్ళి అడిగాను కూడా, ఈ ఒక్కటి రాసేద్దాం అని. "రాద్దామమ్మా, రేపో మాపో ఒక పుట్టుక పడుతది," అన్నారు, నా మొహం చూడకుండా.

నెలలో ఆఖరి పని దినం వచ్చింది. పొద్దున్నే అత్తా కోడలు కంప్యూటరు గది బయట, చెప్పుల పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం దాకా ఏ పుట్టుకా పడలేదు. భోజనాలయ్యాక సూపరింటెండెంటు గారు అటు వస్తుంటే పెద్దామె లేచి నిలబడింది.

"ఇయ్యాల అయితదా సారూ? సాయంత్రం దాంక గేటు కాడ తీసుకుంటమన్నరు."

"ఇంకా మొదలు కాలేదవ్వా."

"ఎందుకు కాలే?"

ఆయన అటెండరు వైపు చూశారు. అప్పటిదాకా ఆమెకు అసలు కారణం ఎవరూ చెప్పలేదు. అటెండరే చెప్పాడు. కొత్త మిషను, ముందు ఒక పుట్టుక పడాలని ఆగారు, ఊళ్ళో పుట్టుకలే లేవు, కాన్పులకు అందరూ తల్లిగారిండ్లకు పోతున్నారని. ఆమె అంతా విన్నది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు తల ఊపింది.

"నేను పోలే సారూ," అన్నది. "నాకు తల్లి లేకుండె. ఏ ఇంటికి పోవాలె? నా కొడుకు గీ ఊళ్ళనే, మా ఇంట్లనే పుట్టిండు. అప్పుడు ఎవ్వరు రాయలే, మాకు తెల్వదు. గిప్పుడు రాయుండ్రి. ముందుగాల వాడు పుట్టింది రాసి, ఎన్కసీరి సచ్చింది రాయుండ్రి. మీ పట్టింపు తీరుతది, నా కోడలికి నౌకరొస్తది."

చివరికి ఆ పాపపు మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఏడాది దాటిన పుట్టుక రాయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలమ్మా, మేము రాయలేం అన్నాను.

"పుట్టింది రాయనీకి కోర్టు కావాలె," అన్నది ఆమె నావైపు తిరిగి. "సచ్చింది రాయనీకి పుట్టింది కావాలె. మరి నా కొడుకు పుట్టకుంటనే సచ్చిండా బిడ్డా?"

అడగడానికే అడిగింది, దెప్పడానికి కాదు. మాకు తెలుసేమో, చెబుతామేమో అన్నట్టు మా ముగ్గురి మొహాలూ చూసింది. కోడలు అత్త కొంగు పట్టుకుని, పోదాం పా అన్నట్టు లాగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

సూపరింటెండెంటు గారు వెనక్కి తిరిగారు. ఎప్పటిలాగే తన గదిలోకి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి కంప్యూటరు గదిలోకి వెళ్ళారు. లోపల ఆపరేటరమ్మాయి గబగబా పేకముక్కలు మూసేసింది.

"లే బిడ్డా," అన్నారు.

"నేను కొడతా సార్, రెండు నిమిషాల పని."

"నీకు మొన్ననే పెండ్లయింది. లే."

"పోనీ నేను కూర్చుంటాను సార్," అన్నాను. అప్పటికి నాకు మౌస్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. ఆ క్షణంలో అది గుర్తు రాలేదు.

"నీకు ఇంట్ల పిల్లలున్నరు కదమ్మా. బోణీ నా చేత్తోనే కానియ్యి. నాకింక పోయెటోళ్ళు ఎవ్వరు లేరు."

ఆయన కూర్చుని పంచాంగంలోంచి చీటీ తీసి, కుడిచేతి చూపుడు వేలితో పాస్‌వర్డు కొట్టారు. తప్పు పడింది. మళ్ళీ కొట్టారు. జీవితమంతా గుండ్రటి అక్షరాలతో రిజిస్టర్లు నింపిన మనిషి, ఇంగ్లీషు అక్షరాలు ఏ మూలన ఉన్నాయో వెతుక్కుంటూ, ఒక్కోటి దొరకగానే కీబోర్డు మీద కుంకుమ తుడిచి నొక్కేవారు. నేను కాగితంలోంచి పేరు చదివాను. తండ్రి పేరు, తల్లి పేరు, భార్య పేరు. ఆపరేటరమ్మాయి ఏదీ ముట్టుకోకుండా, ఇక్కడ సార్, పక్కన సార్ అని గాల్లో వేలు చూపించింది. సగంలో కరెంటు పోయింది. ప్రారంభోత్సవం తర్వాత తెచ్చి పెట్టిన బ్యాటరీ డబ్బా కింద కీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. అది ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు, అప్పటిదాకా దాని అవసరం పడలేదు. ఆయన తొందరపడలేదు. చివరి అక్షరం దాకా అలాగే వెతికి, వెతికి కొట్టి, సేవ్ ఎక్కడుందని అడిగి, నొక్కారు.

కరెంటు వచ్చాక ప్రింటు తీశాం. ఆయన సంతకం పెట్టి ముద్ర వేసి, తల్లి చేతికి కాకుండా కోడలి చేతికి ఇచ్చారు. అటెండరు ఆ అమ్మాయిని స్కూటరు మీద ఎక్కించుకుని గడ్డపోతారం వైపు వెళ్ళాడు. గేటు మూయకముందే అందించారు. పని వచ్చింది.

బోణీ ఫలితం ఏమైందని అడుగుతారు మీరు. ఆ మరుసటి వారమే రెండు పుట్టుకలు పడ్డాయి, ఒకటి ఆడపిల్ల. ఆ ఏడాది మా ఆఫీసులో ఎవరింట్లోనూ ఏ కీడూ జరగలేదు. అటెండరు స్కూటరు మీంచి పడి మోచెయ్యి గీసుకున్నాడు గానీ, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని అతనే చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంకొకటి జరిగింది. కోడలు తిరిగి వచ్చేదాకా పెద్దామె బల్ల మీదే కూర్చుంది. సూపరింటెండెంటు గారు ఇంటికి పోకుండా ఆమె పక్కన కూర్చుని, కొడుకు పుట్టుక కోసం మేజిస్ట్రేటుకు పెట్టాల్సిన అర్జీ తన చేత్తో రాశారు. పుట్టిన తేదీ అడిగితే, "మక్క కంకులు ఇరుస్తుండిరి," అన్నది, అంటే మొక్కజొన్న కోతల కాలం. బడి కాగితాల్లో ఉన్న తేదీ వేశారు. చచ్చిపోయిన మనిషికి ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్ దేనికని నేను అడగలేదు. ఆయనా అడగలేదు.

ఉత్తర్వు రావడానికి చాలాకాలం పట్టింది. అప్పటికి సూపరింటెండెంటు గారు రిటైరైపోయారు, ఆపరేటరమ్మాయి కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయింది, నేనే కంప్యూటరు నేర్చుకుని కూర్చుంటున్నాను. ఒకరోజు పెద్దామె ఉత్తర్వు పట్టుకుని వచ్చింది. కోడలు కూడా వచ్చింది, షిఫ్టు దిగి అటునుంచి అటే. ఇప్పుడు మాట్లాడుతోంది, నమస్తే మేడం అన్నది.

నేను ఎక్కించాను. మగ శిశువు. పుట్టిన చోటు, ఇంట్లో. తల్లి పేరు దగ్గర ఆమె పేరు కొట్టి, ప్రింటు తీసి, చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని, నా పేరు ఎక్కడున్నదని అడిగింది. చూపించాను. అక్కడ బొటనవేలు పెట్టుకుని కొంతసేపు ఉంది. కోడలు దాచిపెడతానని చెయ్యి చాపింది.

"సచ్చిన కాయితం నీ దగ్గర ఉండనీ," అన్నది ఆమె. "నీకు అక్కరకొచ్చేది అది. ఇది నాది."

కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, నావైపు తిరిగింది.

"ఇగ ఎవ్వరన్న అడిగితే, నాకు కొడుకు ఉండె అని చూపెట్టొచ్చు గదా బిడ్డా?"

"చూపించొచ్చమ్మా," అన్నాను.